పాత కారుకు ఇంజెక్షన్ కిట్టు: ఎర్త్ కుదరకపోతే ఖర్చంతా వృథా

పొలంలో మోటారు స్విచ్చి వేయగానే నీళ్లు పోయకుండా గుర్రుమని మూలిగితే రైతు ముందుగా చూసేది మోటారును కాదు. స్టార్టరు పెట్టె మీద ఓల్టేజి ముల్లు ఎక్కడుందో చూస్తాడు. కరెంటు చాలనప్పుడు ఎంత మంచి మోటారైనా తిరగదని, బలవంతాన తిప్పితే వైండింగు కాలుతుందని అనుభవం నేర్పింది. మోటారు విప్పి రీవైండింగు షాపుకు మోసుకుపోయే ముందు ఫ్యూజులు, జాయింట్లు ఒకటికి రెండుసార్లు చూసుకుంటాడు.

పాత కార్లకు ఇంజెక్షన్ కిట్లు బిగించే చోట ఈ తెలివే చాలాసార్లు కొరవడుతోంది. వేలకు వేలు పోసి కిట్టు కొంటారు. బిగించిన మర్నాడు కారు స్టార్టు కాదు. లేదా పది మైళ్లు బాగా నడిచి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. వెంటనే నింద కంప్యూటరు పెట్టె మీద పడుతుంది. పెట్టె మార్చినా రోగం తగ్గదు. చివరకు చూస్తే పెయింటు మీద బిగించిన ఒక బోల్టు, తుప్పు పట్టిన ఒక ఎర్త్ పట్టీ, చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన ఒక జాయింటు బయటపడతాయి.

కార్బ్యురేటరు స్థానంలో కంప్యూటరు

పాత కార్లలో పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే పని కార్బ్యురేటరుది. అది పనిచేయడానికి కరెంటు అక్కర్లేదు. ఇంజను పీల్చే గాలే పెట్రోలును లాక్కుంటుంది. బ్యాటరీ కాస్త నీరసించినా తోసి స్టార్టు చేస్తే బండి కదిలేది.

ఇంజెక్షన్ పద్ధతి వేరు. పెట్రోలు ఎంత పోయాలో ఒక చిన్న కంప్యూటరు లెక్క కడుతుంది. ఇంజను వేడి, గాలి ఒత్తిడి, చక్రాల వేగం కాదు, ఇంజను తిరిగే వేగం, పొగలో మిగిలిన ప్రాణవాయువు వంటివి సెన్సార్లు దానికి తెలియజేస్తాయి. ఆ లెక్క ప్రకారం ఇంజెక్టర్లు సెకనులో వెయ్యో వంతులను కొలమానంగా పెట్టుకుని తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. టాంకు దగ్గర ఉండే విద్యుత్ పంపు పెట్రోలును తోస్తూ ఉంటుంది. వీటిలో కరెంటు లేకుండా పనిచేసేది ఒక్కటీ లేదు.

ఈ సంగతి మన పల్లెలకు కొత్త కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధనలు అమలులోకి రావడంతో కొత్తగా అమ్మే మోటారు సైకిళ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌తోనే వస్తున్నాయి. అయితే వాటిని ఫ్యాక్టరీలోనే దానికి తగిన వైరింగుతో తయారుచేస్తారు. అరవై ఏళ్ల నాటి కారుకు ఆ వైరింగు లేదు. దాన్ని బిగించేవారే సమకూర్చాలి.

పాత ఇంజను మీద కార్బ్యురేటరు తీసి, అదే చోట ఇంజెక్షన్ భాగాన్ని కూర్చోబెట్టే కిట్లు అమెరికాలో బాగా వ్యాపించాయి. హోలీ, ఎడెల్‌బ్రాక్ వంటి సంస్థలు వీటిని అమ్ముతున్నాయి. అవి ఎక్కువగా అక్కడి పెద్ద ఎనిమిది సిలిండర్ల ఇంజన్లకు ఉద్దేశించినవి. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన మన అంబాసిడర్ వంటి కారుకు అవి ఉన్నవి ఉన్నట్టుగా సరిపోవు. కాని కారు ఏదైనా, కిట్టు ఏదైనా కరెంటు, ఎర్త్ సూత్రాలు ఒక్కటే.

తొలి ప్రయత్నమే ఎదురుదెబ్బ

కారులో ఎలక్ట్రానిక్స్‌ను నమ్ముకోవడం ఎంత కష్టమో తొలి తరం వారికి బాగా తెలిసివచ్చింది. అమెరికాలో బెండిక్స్ సంస్థ 1957లో ‘ఎలక్ట్రోజెక్టర్’ పేరుతో విద్యుత్ ఇంజెక్షన్‌ను ప్రకటించింది. 1958 మోడలు క్రైస్లర్ సంస్థ కార్లు కొన్నింటికి అమర్చారు. ఇంజను దగ్గరి వేడిని, కుదుపులను ఆనాటి విడిభాగాలు తట్టుకోలేకపోయాయి. కొద్ది పదుల కార్లతోనే ఆ ముచ్చట ముగిసింది. వాటిలో ఎక్కువ కార్లకు తిరిగి కార్బ్యురేటర్లే బిగించారు. ఆ పేటెంట్లు జర్మనీలోని బాష్ సంస్థకు చేరాయి. ఆ సంస్థ ‘డి-జెట్రానిక్’ పద్ధతి 1967లో ఫోక్స్‌వ్యాగన్ కార్లలో వచ్చి నిలదొక్కుకుంది.

ఈనాటి కంప్యూటరు పెట్టెలు ఆనాటి వాటికంటే ఎన్నో రెట్లు గట్టివి. కాని వాటికి అందే కరెంటు నిలకడగా లేకపోతే అవీ చేతులెత్తేస్తాయి.

ఇంటి ఎర్త్ వేరు, కారు ఎర్త్ వేరు

ఇంట్లో ఎర్త్ అంటే గొయ్యి తీసి, బొగ్గు, ఉప్పు వేసి, పైపు దించి నేలలోకి ఇచ్చేది. షాకు కొట్టకుండా కాపాడడానికి అది. కారు నాలుగు రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. దాని ఎర్త్‌కు నేలతో సంబంధం లేదు. బ్యాటరీ పాజిటివ్ నుంచి బయలుదేరిన కరెంటు పని ముగించుకుని నెగటివ్‌కు తిరిగి చేరే దారినే కారులో ఎర్త్ అంటారు. ప్రతి దీపానికీ రెండో తీగ లాగకుండా కారు ఇనుప బాడీనే ఆ దారిగా వాడుకుంటారు.

వెళ్లే దారి ఎంత ముఖ్యమో వచ్చే దారీ అంతే ముఖ్యం. పంట కాలువకు నీళ్లు వదిలి, చివర మురుగు కాలువ పూడిస్తే పొలం ఏమవుతుందో రైతుకు చెప్పనక్కర్లేదు.

ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది. రబ్బరు గుండా కరెంటు పోదు. కనుక ఇంజను నుంచి బ్యాటరీ నెగటివ్‌కు ఒక లావుపాటి కేబులు, ఇంజను నుంచి బాడీకి, ఛాసిస్‌కు అల్లిక రాగి పట్టీలు తప్పనిసరి. పాత కారుకు కొత్తగా పెయింటు వేయించినప్పుడు ఈ పట్టీలు షెడ్డులోనే మిగిలిపోవడం, పెయింటు పూత మీదే బోల్టు బిగించడం సర్వసాధారణం. పెయింటు కరెంటును ఆపుతుంది. ఇంజను కేబులే తెగినా, వదులైనా స్టార్టరు మోటారు కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. యాక్సిలరేటరు కేబులు, చోకు కేబులు గుండా పోయి వాటిని కాల్చేస్తుంది. ట్రాక్టర్లు, జీపులు బాగుచేసేవారికి ఇది తెలిసిన ముచ్చటే.

లెక్క వేసి చూస్తే

స్టార్టరు మోటారు తిరిగేటప్పుడు సుమారు 200 ఆంపియర్ల కరెంటు లాగుతుందనుకుందాం. ఎర్త్ దారిలో ఒక తుప్పు జాయింటు వల్ల ఓమ్‌లో నూరో వంతు అడ్డు మాత్రమే ఉందనుకుందాం. 200ను నూరో వంతుతో గుణిస్తే 2 ఓల్టులు. అంటే ఆ జాయింటు దగ్గరే 2 ఓల్టులు ఖర్చయిపోతున్నాయి.

సెల్ఫు కొట్టినప్పుడు 12 ఓల్టుల బ్యాటరీ ఎలాగూ పదిన్నర దగ్గరికి దిగుతుంది. కంప్యూటరు ఎర్త్‌ను కూడా ఆ ఇంజనుకే కలిపి ఉంటే దానికి అందేది ఎనిమిదిన్నర మాత్రమే. అక్కడ చాలా కంప్యూటర్లు తడబడతాయి. కొన్ని ఆగి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాయి. సెల్ఫు గిరగిరా తిరుగుతుంది, ఇంజను అందుకోదు. దీపాలు వెలుగుతాయి, హారను మోగుతుంది, కనుక బ్యాటరీ బాగానే ఉందని యజమాని అనుకుంటాడు.

ఇంజను నడిచేటప్పుడు వచ్చే చిక్కు మరొకటి. చాలా సెన్సార్లు 0 నుంచి 5 ఓల్టుల మధ్య తమ కొలత చెబుతాయి. ఎర్త్‌లో అర ఓల్టు తేడా వచ్చిందంటే కొలతలో పదో వంతు అబద్ధం చేరినట్టే. కంప్యూటరు దాన్నే నమ్మి పెట్రోలు ఎక్కువో తక్కువో పోస్తుంది. నల్ల పొగ రావడం, కుదుపులు, మైలేజి పడిపోవడం ఇలా మొదలవుతాయి. హెడ్‌లైట్లు వేసినప్పుడో, ఫ్యాను తిరిగినప్పుడో మాత్రమే ఈ తిప్పలు కనిపిస్తే అనుమానించాల్సింది ఎర్త్‌నే.

అందుకే కంప్యూటరుకు ఇచ్చే లావు తీగలు రెండూ నేరుగా బ్యాటరీకే వెళ్లాలి. ఎరుపు పాజిటివ్ బిరడాకు, నలుపు నెగటివ్ బిరడాకు. స్టార్టరు బోల్టు దగ్గరా, ఆల్టర్నేటరు దగ్గరా, దగ్గరలో ఉంది కదా అని మడ్‌గార్డు స్క్రూకూ కలపరాదు. ఆల్టర్నేటరు నుంచి వచ్చే ఎగుడు దిగుడు కరెంటును బ్యాటరీ చెరువులా సర్ది నిలకడ చేస్తుంది. నీళ్లు చెరువులోంచే తోడుకోవాలి. సెన్సార్ల ఎర్త్‌లను కిట్టులో చూపిన తీగలకే కలపాలి గాని బాడీకి ఎక్కడపడితే అక్కడ కలపరాదు.

తాళం చెవి దగ్గర మోసం

కంప్యూటరును మేల్కొలపడానికి ఒక సన్నటి తీగ ఉంటుంది. తాళం తిప్పగానే దానికి 12 ఓల్టులు అందాలి. సెల్ఫు కొడుతున్నంతసేపూ కూడా అందుతూ ఉండాలి. పాత కార్లలో చాలా స్విచ్చిలు సెల్ఫు స్థానానికి తిప్పగానే రేడియో వంటి వాటికి కరెంటు ఆపేస్తాయి. ఆ వైరుకు కంప్యూటరును కలిపితే సెల్ఫు కొట్టిన ప్రతిసారీ అది నిద్రపోతుంది.

ఇగ్నిషన్ కాయిల్ వైరుకు కలపడం మరో పొరపాటు. అనేక పాత కార్లలో కాయిల్ వేడెక్కకుండా మధ్యలో బలాస్టు రెసిస్టరు పెట్టి ఓల్టేజి తగ్గిస్తారు. అక్కడ 12 ఓల్టులు దొరకవు. తాళం ‘ఆన్’లో ఒకసారి, సెల్ఫు కొడుతూ ఒకసారి మీటరు పెట్టి చూసి, రెండుసార్లూ నిండు కరెంటు ఉన్న వైరునే ఎంచుకోవాలి.

స్పార్కు ప్లగ్గు వైర్లు, కాయిల్ దగ్గర వేల ఓల్టుల కరెంటు ఎగురుతూ ఉంటుంది. పక్కన ఉన్న సిగ్నలు తీగల్లో అది అలజడి రేపుతుంది. రేడియో పక్కన స్కూటరు వెళితే గరగరమన్నట్టే ఇదీ. ఇంజను వేగం చెప్పే తీగను వీటికి దూరంగా నడపాలి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించాలి గాని పక్కపక్కన కట్ట కట్టరాదు. లోపల ఒట్టి రాగి తీగ ఉండే ప్లగ్గు వైర్ల స్థానంలో రెసిస్టెన్సు రకం వేయాలి.

పంపుతో చెలగాటం వద్దు

కారు టైరులో గాలి ఒత్తిడి 30 పౌండ్ల దగ్గర ఉంటుంది. ఇంజెక్షన్ పంపు అనేక కిట్లలో దానికి దాదాపు రెట్టింపు ఒత్తిడితో పెట్రోలును తోస్తుంది. పాత రబ్బరు గొట్టం దాన్ని ఓర్చుకోదు. ఇంజెక్షన్‌కు తగిన గొట్టాలు, క్లిప్పులే వాడాలి. ఇక్కడ జరిగే తప్పు డబ్బుతో పోదు, ప్రాణం మీదికి తెస్తుంది.

పంపుకు తాళం స్విచ్చి నుంచి నేరుగా కరెంటు ఇవ్వడం ప్రమాదకరం. బండి బోల్తా పడి ఇంజను ఆగిపోయినా తాళం ‘ఆన్’లోనే ఉంటుంది. పంపు పెట్రోలు తోస్తూనే ఉంటుంది. గొట్టం తెగిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు. కనుక పంపును రిలే ద్వారా, కంప్యూటరు అదుపులోనే నడపాలి. తాళం తిప్పగానే కొన్ని సెకన్లు నడిచి పంపు ఆగుతుంది. ఇంజను తిరుగుతున్నట్టు సమాచారం అందితేనే మళ్లీ నడుస్తుంది. ఇంజను ఆగితే తానూ ఆగుతుంది. గట్టి దెబ్బ తగిలితే కరెంటు తెగ్గొట్టే ఇనర్షియా స్విచ్చిని కూడా పెట్టుకుంటే మరింత మేలు. ఫ్యూజును బ్యాటరీకి దగ్గరగా పెట్టాలి. దూరంగా పెడితే బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య తీగ ఒరుసుకున్నప్పుడు కాపాడేది ఏదీ ఉండదు.

పంపు వెనక ఉంటుంది, బ్యాటరీ ముందు ఉంటుంది. తీగ పొడవును మరవరాదు. ఇంటి వైరింగులో దీపాలకు వాడే 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ 5 మీటర్లు లాగి 10 ఆంపియర్లు పంపితే అందులోనే సుమారు 0.86 ఓల్టు పోతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది 0.34 మాత్రమే. ఇంట్లో 230 ఓల్టుల్లో ఒక ఓల్టు పోతే ఎవరికీ తెలియదు. పన్నెండింట్లో ఒకటి పోతే పంపు మూలుగుతుంది. తీగ దగ్గర మిగిల్చేది కొద్ది రూపాయలు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంటుంది ఆ పొదుపు.

మీటరు చెప్పే నిజం

ఎర్త్ బాగుందో లేదో చాలామంది ఓమ్ మీటరు పెట్టి చూస్తారు. అది సున్నా చూపితే సంతోషిస్తారు. కేబులులోని పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా ఆ మీటరు సున్నా దగ్గరే చూపుతుంది. అది పంపేది ఇసుమంత కరెంటు. దానికి ఒక్క పోగు చాలు. స్టార్టరు లాగే 200 ఆంపియర్లకు చాలదు.

సరైన పరీక్ష బరువు మీద చేసేదే. మీటరును డి.సి. ఓల్టులలో పెట్టాలి. ఒక కొసను బ్యాటరీ నెగటివ్ సీసపు బిరడా మీద, రెండో కొసను ఇంజను మీద గీకిన చోట ఆనించాలి. కిట్టు పంపుకు, ఇగ్నిషన్‌కు కరెంటు ఆపి, మరొకరి చేత కొద్ది సెకన్లు సెల్ఫు కొట్టించాలి. 0.2 ఓల్టు లోపు ఉంటే దారి బాగున్నట్టు. అర ఓల్టు దాటితే ఎక్కడో అడ్డు ఉంది. రెండో కొసను ఒక్కో జాయింటు దాటిస్తూ పోతే ఆ అడ్డు ఎక్కడుందో అదే చెబుతుంది. కంప్యూటరు ఎర్త్ తీగ దగ్గర 0.1 ఓల్టుకు మించరాదు.

దోషం దొరికిన చోట పెయింటు, తుప్పు గీకి మెరిసే లోహం కనిపించేదాకా శుభ్రం చేయాలి. పళ్ల వాషరు వేసి బిగించి, ఆ తర్వాత తేమ చేరకుండా పైన గ్రీజు పూయాలి. తీగ కొసలకు లగ్గులను తగిన పనిముట్టుతో నొక్కించాలి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు మన మట్టి రోడ్ల కుదుపులకు ఒక వర్షాకాలం కూడా నిలవదు. ట్రాక్టరు సెల్ఫు నీరసంగా తిరుగుతున్నా ఇదే పరీక్ష పనికివస్తుంది. కొత్త బ్యాటరీ కొనే ముందు ఒకసారి చూసుకుంటే నష్టం లేదు.

పాత అలవాట్లు మానాలి

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ క్లిప్పు పీకి, ఇంజను ఆగకపోతే డైనమో బాగున్నట్టు లెక్కకట్టడం పాత షెడ్లలో మామూలు. ఆల్టర్నేటరు, కంప్యూటరు ఉన్న కారులో ఈ పని చేస్తే ఓల్టేజి ఒక్కసారిగా ఎగదన్ని కంప్యూటరు కాలిపోవచ్చు. ఛార్జింగును మీటరుతోనే చూడాలి. ఇంజను నడిచేటప్పుడు బ్యాటరీ దగ్గర 14 ఓల్టుల చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు. అలాగే కారుకు వెల్డింగు చేయించే ముందు బ్యాటరీని, కంప్యూటరు ప్లగ్గులను విడదీయాలి.

పాత డైనమో ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు కరెంటు సరిగా ఇవ్వదు. పంపు, ఇంజెక్టర్లు, ఫ్యాను, దీపాలు అన్నీ కలిపి లెక్క వేసి, దానికి మించిన ఆల్టర్నేటరు వేసుకున్నాకే కిట్టు సంగతి ఆలోచించాలి. 1950ల నాటి బ్రిటిష్ కార్లలో చాలావాటికి పాజిటివ్ కొసే ఎర్త్. మన అంబాసిడర్ కూడా మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా నుంచి వచ్చినదే. కనుక బాగా పాత బండి అయితే ఏ కొస బాడీకి కలిసి ఉందో ముందుగా చూసుకోవాలి. ఈ కిట్లు నెగటివ్ ఎర్త్‌కు తయారైనవి. తారుమారైతే తాళం తిప్పిన క్షణంలోనే పెట్టె పోతుంది.

మన దేశంలో వాహనానికి మార్పులు చేయడం మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఆంక్షలు విధించింది. కనుక కిట్టు కొనకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది. ప్రమాదం జరిగాక బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదీ ఒకటి కావచ్చు.

తాత కొన్న కారును అమ్మబుద్ధి కాక, ఇంటి మనిషిలా చూసుకునే కుటుంబాలు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి. అర్ధరాత్రి పురిటి నొప్పులకు ఊరంతటికీ దిక్కయిన కార్లు అవి. వాటికి కొత్త ప్రాణం పోయాలనుకోవడంలో తప్పు లేదు. కాని ఆ కారు మళ్లీ నమ్మకంగా నడవాలంటే పెట్టె కొనడానికి ముందు ఒక ఆదివారం వెచ్చించి, గీకుడు కాగితం, స్పానరు, మీటరు పట్టుకుని బ్యాటరీ నుంచి ఇంజను దాకా, ఇంజను నుంచి బాడీ దాకా ప్రతి జాయింటునూ విప్పి చూడాలి. మోటారు దగ్గర రైతు రోజూ చేసే పనే అది.